గెడ్డ అన్న చోట నది అని దిద్దాను

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పక్కనుంచి పారే నదికి మ్యాపులో పేరు మహేంద్రతనయ. మహేంద్రగిరి కూతురని అర్థం. ఎవరు పెట్టారో గానీ ఎంతో ముద్దుగా పెట్టారు. కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా వినలేదు. "ఏటికెళ్ళి గుడ్డలు ఉతుక్కొచ్చాను" అనేది మా అమ్మ. అంతే, ఏరు. కొండ మీంచి దూకి వచ్చే చిన్న పాయ అయితే గెడ్డ. ఏరు వేరు, గెడ్డ వేరు. ఈ తేడా పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్ని, తెలుగు టీచరునయ్యాక ఒకరోజు దాన్ని మర్చిపోయాను.

గజపతి జిల్లాలో 31 ఏళ్ళు తెలుగు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి పిల్లల్ని వానాకాలం గురించి నాలుగు లైన్లు రాసి తెమ్మన్నాను. కొండ కింద పల్లె నుంచి వచ్చే ఒక పిల్ల ఇలా రాసుకొచ్చింది:

గెడ్డ పొంగింది
నాన్న అవతలే ఉన్నాడు
అమ్మ అన్నం వండి
మూత పెట్టింది

నేను ఎర్ర పెన్ను తీసి "గెడ్డ" కొట్టేసి "నది" అని రాశాను. "అవతలే" కొట్టేసి "ఆవలి ఒడ్డున" అని రాశాను. మంచి తెలుగు నేర్పుతున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకుని, తన నాలుగు లైన్లూ నా దిద్దుబాటుతో చదువుకుని, నా దగ్గరికి తిరిగొచ్చింది. "టీచరమ్మా, నది అయితే నాన్న ఈ రాత్రికి రాడు కదా" అంది.

నాకు నోట మాట రాలేదు. కొండల్లో వాన పడితే గెడ్డ గంటలో పొంగుతుంది. వాన ఆగితే సాయంత్రానికి తగ్గిపోతుంది. అవతల చిక్కుకున్న మనిషి ఏ చెట్టు కిందో కూర్చుని, నీళ్ళు తగ్గాక పంచె పైకి కట్టుకుని దాటి వచ్చేస్తాడు. అందుకే ఆ తల్లి అన్నం మీద మూత పెట్టింది. వచ్చేసరికి చల్లారకూడదని. ఆ పద్యమంతా ఎదురుచూపు, అందులో భయం లేదు. అదే నది పొంగితే రోజులు పడుతుంది, ఊళ్ళు మునుగుతాయి, మనుషులు పోతారు. "నది" అని దిద్దిన క్షణంలో ఆ మూత కింద అన్నం తినేవాడు లేని అన్నం అయిపోయింది. నాలుగు లైన్లలో ఒక్క మాట మార్చి, పద్యం దేని గురించో దాన్నే మార్చేశాను.

ఆ రోజు నుంచి పద్యం ఎలా చదవాలో నేను మళ్ళీ నేర్చుకున్నాను, పిల్లలకూ అలాగే నేర్పాను. బరంపురం నుంచి రాయగడ, జయపురం దాకా మన పిల్లలు ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియాలో చదువుకుంటున్నారు. తెలుగు పద్యం ముందుకొస్తే వాళ్ళకు టెన్షన్. "మాకు పెద్ద పదాలు రావు టీచరమ్మా" అంటారు. పెద్ద పదాలు రానక్కర్లేదు. మీ ఇంట్లో మాటలు మీకు వస్తే చాలు, మిగతాది ఒక పద్ధతి. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

ముందు పద్యాన్ని చేత్తో రాసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే కుదరదు. కన్ను మాటల మీంచి జారిపోతుంది, చెయ్యి జారదు. రాస్తుంటే ఏదో ఒక చోట "ఇదేంటి, ఇక్కడ ఈ మాట ఎందుకుంది?" అనిపిస్తుంది. లైనుకీ లైనుకీ మధ్య రెండు వేళ్ళంత ఖాళీ వదలండి, ఆ ఖాళీతో పని ఉంది. తర్వాత రెండుసార్లు పైకి చదవండి. మొదటిసారి అర్థం గురించి ఆలోచించొద్దు. రెండోసారి చదివేటప్పుడు నాలుక ఎక్కడ ఆగిందో, గొంతు ఎక్కడ తగ్గిందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టండి. పది చుక్కలు వస్తే అందులో మూడు ఉంచుకుని మిగతావి చెరిపేయండి. ప్రతి మాటకూ అర్థం వెతికేవాళ్ళు పద్యాన్ని పప్పులా మెదిపేస్తారు. మూడు మాటలు చాలు.

ఇక అసలు పని. ఆ మూడు మాటల్లో ఒకదాన్ని తీసుకుని, కింద ఖాళీలో దాని చుట్టాలన్నిటినీ రాయండి. నేను వీటిని పక్కమాటలు అంటాను. అదే అర్థం ఇచ్చేవి, కానీ కవి తీసుకోకుండా వదిలేసినవి. కవి ఏ మాట రాశాడో కాగితం మీద కనిపిస్తూనే ఉంది. ఏ మాటలు వదిలేశాడో కనపడదు. పక్కమాటలు రాస్తే అవి కళ్ళముందుకొస్తాయి.

ఉదాహరణకు నిప్పు. పక్కమాటలు: అగ్ని, అగ్గి, మంట, సెగ. వీటిలో నిప్పు అచ్చంగా మన మాట, దేశ్యం. అగ్ని సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చింది, తత్సమం. అగ్గి అదే మాట జనం నోట్లో నలిగి మెత్తబడి వచ్చింది, తద్భవం. వ్యాకరణం పుస్తకంలో ఈ మూడు పేర్లూ బట్టీపట్టే ఉంటారు. కానీ అవి మార్కుల కోసం మాత్రమే కాదు. ఒక్కో మాట ఏ వాకిట్లోంచి వచ్చిందో చెబుతాయి. "అగ్నిసాక్షిగా పెళ్ళి" అంటాం, నిప్పు సాక్షిగా అనం. నిజాయితీపరుణ్ణి "నిప్పులాంటి మనిషి" అంటాం, అగ్గిలాంటి మనిషి అంటే కోపిష్టి అనుకుంటారు. "అగ్గి మీద గుగ్గిలం" అన్న చోట అగ్ని పెట్టి చూడండి, నోట్లో నిలవదు. కడుపులో ఉండేది మంటే. సెగ ఏమో దూరంనుంచే తగులుతుంది. అయిదూ ఒకటే వస్తువు చుట్టూ తిరుగుతున్నాయి, అయినా ఒకటి ఉండే ఇంట్లోకి ఇంకొకటి రాదు.

ఇప్పుడు ఒక లైను రాసి చూద్దాం. "అమ్మ పొయ్యిలో నిప్పు ఆరలేదు." ఇందులో ఒక ఇల్లు కనిపిస్తుంది, బూడిద కింద దాచిన నిప్పుకణిక కనిపిస్తుంది, పక్కింటివాళ్ళు పిడక పట్టుకుని నిప్పు అడగటానికి రావడం కూడా కనిపిస్తుంది. "అమ్మ పొయ్యిలో అగ్ని ఆరలేదు" అనండి. పొయ్యి కాస్తా హోమగుండం అయింది. అమ్మ యజ్ఞం చేస్తున్నట్టుంది. తప్పా? తప్పు కాదు. వంటను యజ్ఞంగా చూపించాలనుకున్న కవికి అదే సరైన మాట. కానీ అప్పుడు పద్యం అమ్మను ఎత్తున కూర్చోబెడుతుంది. నిప్పు అన్న కవి అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. "అమ్మ పొయ్యిలో మంట ఆరలేదు" అంటే, ఆ ఇంట్లో ఏదో బాధ కూడా ఉందని చెవి ఎందుకో అనుమానిస్తుంది. ఏ మాట గొప్పది అని అడగొద్దు. ఈ మాట పెడితే ఏం జరిగింది, ఆ మాట పెడితే ఏం జరుగుతుంది అని అడగండి.

ఒడియా చదువుకునే పిల్లలకు ఇది నిమిషంలో అర్థమవుతుంది. ఒడియాలో నియాఁ అనేది ఇంటి మాట, అగ్ని పుస్తకం మాట. అమ్మను బోఉ అని పిలిచే పిల్లవాడు సభలో మాత మీద ఉపన్యాసం చెబుతాడు. "మరి బోఉ అని పిలిచే చోట మాతా అంటే ఎలా ఉంటుంది?" అని అడుగుతాను. క్లాసంతా నవ్వుతుంది. రెండు భాషలున్న పిల్లలకు ఈ విద్యలో ఒక మెట్టు ముందే ఎక్కినట్టు. నాకు తెలుగు సరిగ్గా రాదు అని వాళ్ళు తల దించుకుంటే నా మనసు గిలగిల్లాడుతుంది.

పక్కమాటలు ఎక్కడ దొరుకుతాయి? నిఘంటువులో కొన్ని. కానీ నిఘంటువు అర్థం చెబుతుంది, వాడుక పూర్తిగా చెప్పలేదు. దానికి ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. బజారులో కూరగాయలమ్మే మామ్మనైనా సరే, మూడు ప్రశ్నలు అడగండి. ఈ మాట ఎవరంటారు? ఎప్పుడంటారు? ఎవరి ముందు అనరు? మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "చచ్చాడు" అనే మాట శత్రువు గురించి అంటారు, దోమ గురించి అంటారు, ఒక్కోసారి ప్రాణస్నేహితుడి గురించి ఏడుస్తూ కూడా అంటారు. కానీ చావింట్లో అనరు. అక్కడ "పోయాడు" అంటారు, పెద్దాయనైతే "కాలం చేశారు" అంటారు. పేపరు వాళ్ళు "మృతి" అని రాస్తారు. ఒక కవి చావింటి గురించి రాస్తూ "చచ్చాడు" అన్నాడంటే, అక్కడ అనకూడని మాట కావాలనే అన్నాడన్నమాట. ఎందుకన్నాడో వెతికితే పద్యం తలుపు అక్కడే తెరుచుకుంటుంది.

ఇక్కడ పిల్లలు తెలివిగా ఒక ప్రశ్న వేస్తారు. "ఛందస్సు కోసం వేసుకున్నాడేమో టీచరమ్మా? యతి కుదరక ఆ మాట పెట్టాడేమో?" మంచి ప్రశ్న. వేమన పద్యం ఒకటి తీసుకుని దీన్ని తీరిగ్గా చూద్దాం, ఎందుకంటే ఇది మాటల గురించే చెప్పిన పద్యంలా నాకు అనిపిస్తుంది.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

ఉప్పూ కర్పూరమూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రుచి చూస్తేనే తేడా. పక్కమాటలు కూడా అంతే కదా. సరే, ఇప్పుడు పెన్సిల్ తీసుకుని "కప్పురంబు" దగ్గర చుక్క పెట్టండి. పక్కమాట కర్పూరం. గుడిలో, ఇంట్లో మనం అనే మాట అదే. వేమన కర్పూరం అనకుండా దాని తద్భవం ఎందుకు తీసుకున్నాడు? ఆటవెలది మొదటి పాదంలో ముందు మూడు సూర్యగణాలు రావాలి. ఉప్పు, కప్పు, రంబు, మూడూ గురువు, లఘువుగా, అంటే ఒక బరువు అక్షరం, ఒక తేలిక అక్షరంగా కుదిరాయి. "కర్పూరంబు" పెడితే గురువు మీద గురువు పడి గణం తప్పుతుంది. కాబట్టి ఛందస్సు కోసమే అన్నమాట నిజమే. కానీ అక్కడితో ఆగిపోకండి. ఇప్పుడు పైకి చదవండి: ఉప్పు, కప్పు. రెండింట్లోనూ "ప్పు" ఉంది. కంటికి ఒకేలా కనపడే రెండు వస్తువుల్ని చెవికి కూడా ఒకేలా వినిపించాడు. "కర్పూరం"తో అది జరగదు. పోలిక ఉందని చెప్పే పాదంలో మాటలకే పోలిక పెట్టాడు.

రెండో పాదం చూడండి. అక్కడ "జాడ" దగ్గర చుక్క పెట్టండి. యతి స్థానం అది, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు. చూ అన్న అక్షరానికి జా కుదరదు, అందుకే రెండో అక్షరంతో కలిపి ప్రాసయతి వేశాడు: చూడ, జాడ. అంటే "డ" ఉన్న మాట అక్కడ తప్పనిసరి. మరి అలాంటి మాటలు ఇంకా లేవా? నీడ ఉంది, గోడ ఉంది. తేడా అంటే అర్థం నేరుగా తగులుతుంది గానీ, చివరి దీర్ఘం వల్ల అక్కడ గణం తప్పుతుంది. జాడ అంటే ఆనవాలు, అడుగుల గుర్తు. మనిషి వెళ్ళిపోయాక మిగిలేది. నాలుక మీద రుచి కూడా అంతే, వస్తువు కరిగిపోయాక మిగిలే గుర్తు. ఉప్పూ కరుగుతుంది, కర్పూరమూ హరించుకుపోతుంది, వాటి జాడలు మాత్రం వేరు. మంచి మనిషి ఎవరో అతను ఎదురుగా ఉన్నప్పుడు కాక, అతని జాడ బట్టి తెలుస్తుందని నేను చదువుకుంటాను. ఛందస్సు ఒక గుమ్మం పెట్టింది. ఆ గుమ్మంలో పట్టే మాటల్లోంచి కవి ఒకటి ఎంచాడు. కాబట్టి "ఛందస్సు కోసమా, అర్థం కోసమా?" అని అడగకండి. "ఆ గుమ్మంలో పట్టే మాటలు ఇంకేమున్నాయి, వాటిలో ఇదే ఎందుకు?" అని అడగండి.

శబ్దం గురించి ఇంకా చాలా చెప్పొచ్చు గానీ, అది రాసి చెబితే రాదు. పైకి చదువుతూ ఉంటే చెవికే వస్తుంది.

చిన్న మాటల్ని చిన్నచూపు చూడొద్దు. మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు జనం నోట్లో ఉన్న తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన స్నేహితుడు గురజాడ అప్పారావు. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అన్న మాట తెలియని తెలుగువాళ్ళు లేరు. అందరికీ తెలిసినందువల్లే ఎవరూ ఆగి చూడరు. మట్టికి పక్కమాటలు రాయండి: భూమి, నేల, పుడమి. "దేశమంటే భూమి కాదోయ్" అని ఉంటే రైతుకు గుచ్చుకునేది. భూమి అంటే భూదేవి, భూమి అంటే పట్టాదారు పాసుపుస్తకం, భూమి అంటే బతుకు. దాన్ని కాదంటే ఎవరు వింటారు? నేల అంటే పంట పండేది, కాలు ఆనేది. మట్టి అయితే పిడికిట్లో పట్టేది, కాళ్ళకంటితే కడుక్కునేది. తీసిపారేయడానికి సరిగ్గా తగిన మాట అదొక్కటే. మనుషులకు పక్కమాటలు: ప్రజలు, జనం. ప్రజలు అనగానే వాళ్ళ మీద ఒక రాజో సర్కారో ఉన్నట్టు అనిపిస్తుంది. జనం అంటే గుంపు, ముఖాలు కనపడవు. మనుషులు అంటే ఒక్కొక్కరికీ ముఖం ఉంది. పైగా మట్టి, మనుషులు రెండూ మకారంతోనే మొదలై తక్కెడలో ఎదురుబొదురుగా కూర్చున్నాయి.

ఇక ఆ "ఓయ్". దీని గురించి పరీక్షలో ఎవరూ రాయరు. "ఓ జనులారా" అంటే మాట్లాడేవాడు అరుగు మీద నిలబడ్డట్టు. "ఓయ్" అంటే భుజం మీద చెయ్యి వేసినట్టు. సమానుడు సమానుణ్ణి పిలిచే పిలుపు. దేశమంటే మనుషులు అని చెప్పేవాడు మనుషుల్లో నిలబడి చెప్పాలి కదా, ఆ చోటు ఆయనకు ఇచ్చింది ఆ ఒక్క అక్షరమే.

ఆ లైను మా సరిహద్దులో చదివితే ఇంకొకలా తగులుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, మా ఊరు అందులోకి వచ్చింది. గిడుగువారు అప్పుడే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మట్టి మీద గీత అటు జరిగింది. ఇటు మా తాతలు మాట్లాడిన తెలుగే మేమూ మాట్లాడుతున్నాం, పక్కింటి ఒడియా వాళ్ళతో ఒడియా మాట్లాడుతున్నాం. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అది ఆంధ్రా. మా క్లాసులో ఈ లైను చదివినప్పుడు పిల్లలు చప్పుడు చేయకుండా వినేవారు. పద్యంలోని మాట అదే, చదివే చోటు వేరు. కవి ఎంచిన మాటకు చదివేవాడి ఊరు కూడా కొంత బరువు కలుపుతుంది. ఆ బరువును రాసుకోండి, కానీ అది కవి పెట్టిందని రాయకండి. "నేను ఇక్కడ చదవడం వల్ల నాకు ఇలా తగిలింది" అని విడిగా రాయండి.

చిన్న మాటల్లో అన్నిటికన్నా పదునైనవి తెలుగులో రెండున్నాయి: మేము, మనము. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేం. "మేం ఏరు దాటాం" అన్న కవి మిమ్మల్ని ఒడ్డున నిలబెట్టి కథ చెబుతున్నాడు. "మనం ఏరు దాటాం" అంటే మీ బట్టలు కూడా తడిశాయి. పద్యం మధ్యలో మేం కాస్తా మనం అయిందంటే పెద్ద సంగతి జరిగినట్టు, అక్కడ రెండు చుక్కలు పెట్టండి. అలాగే నువ్వు, మీరు; వాడు, అతను, ఆయన. దేవుణ్ణి నువ్వు అనే భక్తుడు, మీరు అనే భక్తుడు, ఈ తేడా మీద ఒక రోజంతా కూర్చోవచ్చు.

ఇప్పటిదాకా ఒక్కో మాట విడిగా చూశాం. ఇతివృత్తం దొరకాలంటే మాటల్ని కుప్పలు పోయాలి. దీనికోసం నేను రాసుకున్న అయిదు లైన్లు చెబుతాను, పాఠం కోసం రాసినవే:

మామ్మ పొయ్యి రాజేసింది
అంబలి కాచింది
అందరికీ పోసింది
కుండ అడుగున మిగిలింది
తన వాటాకి రాసుకుంది

పొయ్యి, అంబలి, కుండ, కాచడం, పోయడం, అన్నీ వంటింటి మాటలు. ఒక కుప్ప. అంబలిని జావ అంటే జ్వరం వచ్చిన ఇల్లు అయ్యేది, అంబలి అనడంతో ఎండలో పనికి వెళ్ళే ఇల్లు అయింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు ఆ కుప్పలో ఇమడని మాట ఏదో చూడండి. వాటా. రాసుకోవడం. ఇవి వంటింటి మాటలు కావు, ఆస్తి పంచుకునేటప్పుడు అరుగు మీద వినపడే మాటలు. కాగితాలు, సంతకాలు, అన్నదమ్ములు కూర్చున్న చోటి మాటలు. ఆ పంపకాల్లో మామ్మకు ఎప్పుడూ వాటా రాయలేదు. ఆవిడ పేరున రాసిందల్లా కుండ అడుగున మిగిలినదే.

చివరి లైనును "తన వంతు ఉంచుకుంది" అని మార్చండి. అయిదు లైన్లూ త్యాగమూర్తి మామ్మకు దండం పెట్టే పద్యం అయిపోతాయి. "వాటా" ఉంటే అది దండం కాదు, లెక్క అడగడం. మొదటి నాలుగు లైన్లలో ఒక్క అక్షరం మారలేదు, అయినా వాటి అర్థం కూడా వెనక్కి వెళ్ళి మారిపోయింది. "అందరికీ పోసింది" అన్నది మొదట ప్రేమగా వినిపించింది, వాటా విన్నాక "అందరికీ" అంటే ఎవరెవరికి అని అడగాలనిపిస్తుంది.

ఏ పద్యమైనా ఇలాగే చేయండి. మాటల్ని కుప్పలు పోయండి: పొలం మాటలు, గుడి మాటలు, ఇంటి మాటలు, కచేరీ మాటలు. పెద్ద కుప్ప పద్యం ఎక్కడ జరుగుతోందో చెబుతుంది. కుప్పలో ఇమడని మాట దాని మనసులో ఏముందో చెబుతుంది. ప్రతి పద్యంలోనూ అలాంటి మాట ఉండాలని లేదు. లేకపోతే ఉందని పట్టుబట్టొద్దు.

ఇక రాయడం. ఎగ్జామ్‌లో "ఈ కవిత ఇతివృత్తం ఏమిటి?" అంటే పిల్లలు "తల్లి ప్రేమ", "దేశభక్తి" అని రాస్తారు. అది విషయం, అంతే. ఆ విషయం గురించి పద్యం ఏమంటోంది అన్నది ఇతివృత్తం. అది ఒక మాటలో ఇమడదు, పూర్తి వాక్యం కావాలి. "మామ్మ త్యాగం" కాదు, "ఇంటిల్లిపాదికీ పెట్టిన మనిషికి ఇంట్లో వాటా లేదు" అని రాయాలి. క్రియ లేకుండా రాస్తే నేను మార్కులు వేసేదాన్ని కాదు. కొంతమంది పిల్లలకు నా మీద కోపం కూడా వచ్చింది.

ఇంకొకటి, "కవి పదాలను అద్భుతంగా ప్రయోగించాడు" అని దయచేసి రాయకండి. దానివల్ల కవికీ ఉపయోగం లేదు, మీకూ లేదు. మాటను ఎత్తి చూపండి, పక్కమాట పెట్టండి, ఏం పోయిందో చెప్పండి, అది పద్యమంతటికీ ఎలా తగులుతుందో చెప్పండి. ఇలా:

"చివరి పాదంలో 'వాటా' అన్న మాట ఉంది. 'వంతు' అని ఉంటే భోజనం దగ్గర పంచుకోవడం మాత్రమే గుర్తొచ్చేది. 'వాటా' ఆస్తి పంపకాల మాట కావడంతో, వంటింట్లో మిగిలిన అంబలి ఆమెకు దక్కని ఆస్తితో ముడిపడింది. అందువల్ల పద్యం ఆమె మంచితనం గురించి కాక, ఆమెకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడుతోంది."

నాలుగు వాక్యాలే. పెద్ద పదం ఒక్కటీ లేదు. ఇలా రాయడం మొదట్లో నిదానంగా సాగుతుంది. మా పిల్లలకు ఒక్క పద్యానికి రెండు పీరియడ్లు పట్టేది. పోర్షన్ పూర్తి కాలేదని నేను మాటలు పడ్డ సంవత్సరాలు కూడా ఉన్నాయి. పడ్డాను, కానీ పద్ధతి మార్చలేదు.

మీరే కవిత రాస్తుంటే ఇదే పద్ధతిని తిరగేయండి. రాసేటప్పుడు దిద్దుకోకండి, నోటికొచ్చిన మాట రాసేయండి. రెండు రోజులాగి మూడు చోట్ల చుక్కలు పెట్టి, పక్కమాటలు రాసి, ఒక్కోటీ పెట్టి పైకి చదవండి. చాలాసార్లు మొదట నోటికొచ్చిన మాటే నిలబడుతుంది. అప్పుడు అది అలవాటుగా వచ్చిన మాట కాదు, మీరు ఎంచుకున్న మాట. ఊరి మాటను చూసి సిగ్గుపడి మార్చారా అన్నది మాత్రం తప్పకుండా చూసుకోండి. అలా మార్చిన మాటల్ని చూస్తే నా ఎర్ర పెన్ను నాకు గుర్తొస్తుంది.

ఆ పిల్ల నోట్‌బుక్‌లో "నది" కొట్టేసి మళ్ళీ "గెడ్డ" అని నేనే రాశాను. "ఆవలి ఒడ్డున" కొట్టేసి "అవతలే" అని రాశాను. ఆ చివరి "ఏ" ఉంది చూశారా, అవతల కాదు, అవతలే. ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడు అని. దాన్ని మొదటిసారి నేను చూడనే లేదు.

ఇప్పుడు రిటైరయ్యాక ఆదివారాలు మా వీధి అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు కూర్చుంటారు. వచ్చే ఆదివారానికి వాళ్ళకిచ్చిన పని మీకూ ఇస్తున్నాను. ఒడ్డు, గట్టు, తీరం, దరి. ఈ నాలుగు మాటల్ని ఎవరంటారో, ఎప్పుడంటారో, ఎవరి ముందు అనరో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. తర్వాత "అమ్మ ___ మీద నిలబడి చూస్తోంది" అన్న ఖాళీలో ఒక్కోటీ పెట్టి పైకి చదవండి. ఒక మాట ఆ ఖాళీలో నిలవదు, వాక్యాన్నే మార్చమంటుంది. అదేదో కనిపెట్టి, ఆ మాట అడిగినట్టు వాక్యాన్ని మార్చి రాయండి.